రాష్ట్రానికి డబ్బు కటకట వస్తే పెన్షన్ ఆగుతుందా? ట్రెజరీలో నేను చూసింది

"రాష్ట్రం అప్పుల్లో ఉందని రోజూ వార్తల్లో వస్తోంది. మళ్లీ కరోనా లాంటిదేదైనా వచ్చి ఆదాయం పడిపోతే ప్రభుత్వం డబ్బు ఎలా సర్దుకుంటుంది? మా నాన్నగారు రిటైర్డ్ టీచర్, పెన్షన్ ఆగిపోతుందేమోనని టెన్షన్ పడుతున్నారు" అని అడిగారు.

నేను ఆంధ్రప్రదేశ్ ట్రెజరీ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి 2021లో రిటైరయ్యాను. చివరి ఏళ్లు ఒక సబ్ ట్రెజరీలో గడిచాయి. పైనుంచి వచ్చిన ఆదేశం కౌంటర్ దాకా వచ్చేసరికి మనుషుల మీద ఎలా పనిచేస్తుందో రోజూ చూసినవాణ్ని. అందుకని అక్కణ్నుంచే చెప్తాను.

ముందు మీ నాన్నగారికి ఈ మాట చెప్పండి. పెన్షన్ ఆలస్యం కావచ్చు, ఎగ్గొట్టడం మాత్రం కుదరదు. దీనికి రుజువు 2020లోనే ఉంది.

ట్రెజరీలో మార్చి 31 అంటే ఏటా అర్ధరాత్రి దాకా పని. ఖర్చుపెట్టని బడ్జెట్ ఆ రాత్రితో ల్యాప్స్ అయిపోతుంది కాబట్టి చివరి గంట దాకా బిల్లులు వస్తూనే ఉంటాయి. 2020లో ఆ రోజు వచ్చేసరికి లాక్‌డౌన్ మొదలై వారం అయింది. ఐడీ కార్డు చూపించి, పోలీసులను దాటుకుని ఆఫీసుకు వెళ్లాం. జీతాల బిల్లులు అప్పటికే పూర్తి మొత్తానికి సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు జీఓ వచ్చింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలకు 100 శాతం, ఐఏఎస్, ఐపీఎస్ లాంటి అఖిల భారత సర్వీసుల వాళ్లకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి ఉద్యోగులకూ ఔట్‌సోర్సింగ్ వాళ్లకూ 10 శాతం జీతం వాయిదా. పెన్షనర్లకూ సగమే. తెలంగాణలో ఒకరోజు ముందే ఇలాంటి నిర్ణయం వచ్చింది. అక్కడ ముఖ్యమంత్రి, మంత్రులకు 75 శాతం, మిగతా వర్గాలకు దాదాపు మనలాగే.

సగం లెక్కతో బిల్లులు మళ్లీ చేశాం. ఉద్యోగుల ఫోన్లకు ఏదో ఒకటి చెప్పగలిగాను, ఎందుకంటే నా జీతమూ సగమే. పెన్షనర్ల ఫోన్లకు చెప్పలేకపోయాను. "బాబూ, సగమే పడింది. మా ఆవిడ మందులకే అయిపోతుంది. మిగతాది ఎప్పుడేస్తారు?" అని ఒక పెద్దాయన వారంలో మూడుసార్లు అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

ఏప్రిల్ నెలాఖరుకల్లా పెన్షన్ పూర్తిగా ఇవ్వాలని ఆదేశం వచ్చింది. ఆపిన డబ్బు సంగతి కోర్టుకు వెళ్లింది. బకాయిలు 12 శాతం వడ్డీతో చెల్లించాలని హైకోర్టు 2020 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, జీతం, పెన్షన్ ఉద్యోగి హక్కులేనని, ఆపినందుకు వడ్డీ కట్టాల్సిందేనని నిలబెట్టింది. పెన్షన్ దయాదాక్షిణ్యం కాదని 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. మన దగ్గర పెన్షనర్ల దినోత్సవం చేసుకునేది ఆ తేదీనే కదా.

ఇక డబ్బు ఎలా సర్దుకుంటారన్నది. రాష్ట్రం నోట్లు అచ్చు వేసుకోలేదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. ఏ రాష్ట్రమైనా ఏదో ఒక బాకీ ఉంటుంది కాబట్టి అందరూ అడగాల్సిందే. అంటే కష్టకాలంలో రాష్ట్రం చేతిలో ఉండేవి మూడే: వచ్చే పన్నులు, తెచ్చే అప్పులు, ఆపగలిగే బిల్లులు.

పన్నుల సంగతి చూడండి. 2019 ఏప్రిల్‌లో దేశమంతా కలిపి జీఎస్టీ 1,13,865 కోట్లు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో 32 వేల కోట్ల చిల్లర. రిజిస్ట్రేషన్లు లేవు, బళ్ల అమ్మకాలు లేవు, పెట్రోలు బంకుల్లో జనం లేరు, మద్యం దుకాణాలు మూసి ఉన్నాయి. జీఎస్టీ రేటు మార్చడం ఒక్క రాష్ట్రం చేతిలో లేదు, కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్‌లో తేలాలి. రాష్ట్రం సొంతంగా పెంచుకోగలిగిన పెద్ద పన్నులు పెట్రోలు, డీజిల్, మద్యం మీదే. అందుకే దుకాణాలు తెరవగానే 2020 మే మొదటి వారంలో మన దగ్గర మద్యం ధర ముందు 25 శాతం, రెండు రోజులకే ఇంకో 50 శాతం పెరిగింది. తెలంగాణ 16 శాతం పెంచి తెరిచింది. దుకాణాల ముందు ఎండలో ఆ బారులు అందరూ టీవీలో చూశారు. ఖజానాకు ఆ డబ్బు ఎంత అవసరమో లెక్కలు చూసే నాకు తెలుసు. అయినా కూలిపనులు ఆగిపోయిన ఇళ్ల నుంచే అది వస్తోందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

జీఎస్టీ తెచ్చినప్పుడు రాష్ట్రాల ఆదాయం ఏటా 14 శాతం పెరిగినట్టు లెక్కగట్టి, తగ్గిన మేరకు ఐదేళ్ల పాటు పరిహారం ఇస్తామన్నారు. సరిగ్గా అవసరమైన ఏడాది ఆ పరిహారం కోసం వసూలు చేసే సెస్సు కూడా పడిపోయింది. చివరికి కేంద్రమే అప్పు తెచ్చి రాష్ట్రాలకు అప్పుగా ఇచ్చింది. అన్ని రాష్ట్రాలకూ కలిపి 2020-21లో 1.10 లక్షల కోట్లు, మరుసటి ఏడాది 1.59 లక్షల కోట్లు. అది తీర్చేది సెస్సుతోనే కాబట్టి రాష్ట్రాల మీద నేరుగా భారం పడలేదు.

రోజువారీ సర్దుబాటు ఇంకో రకం. రాష్ట్ర ప్రభుత్వానికి రిజర్వ్ బ్యాంకులో ఖాతా ఉంటుంది. ఆ రోజు వచ్చినదాని కంటే పోయింది ఎక్కువై నిల్వ తగ్గితే రిజర్వ్ బ్యాంకు రెపో రేటుకే, అంటే బ్యాంకులకు తాను అప్పిచ్చే వడ్డీకే, కొద్దికాలానికి సర్దుతుంది. వేస్ అండ్ మీన్స్ అడ్వాన్స్ అంటారు. మన భాషలో చేబదులు. దీనికి రాష్ట్రానికో పరిమితి ఉంది. కరోనా ముందు మనకు 1,510 కోట్లు, తెలంగాణకు 1,080 కోట్లు. 2020 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ 60 శాతం పెంచారు. పరిమితి దాటితే ఓవర్‌డ్రాఫ్ట్, దానికి వడ్డీ ఎక్కువ. ఓవర్‌డ్రాఫ్ట్ వరసగా 14 పనిదినాలు దాటితే రిజర్వ్ బ్యాంకు చెల్లింపులు ఆపేస్తుంది. కరోనా సమయంలో దాన్ని 21 రోజులు చేశారు. ప్రతి రాష్ట్ర ఆర్థిక శాఖకూ అసలు భయం ఆ రోజుల లెక్కే.

రెండు వేల కోట్ల చిల్లర చేబదులు ఒక్క ఒకటో తారీఖుకే చాలదు. పెద్ద అప్పు వేలంలో తేవాలి. రాష్ట్రాల బాండ్ల, అంటే అప్పు పత్రాల, వేలం రిజర్వ్ బ్యాంకు సాధారణంగా మంగళవారం పెడుతుంది, డబ్బు బుధవారం జమ అవుతుంది. కింద మా దాకా ఆ వారం లెక్క తెలిసేది. ఒకటో తారీఖు జీతాల తర్వాత ఆగిన బిల్లులకు బుధవారం సాయంత్రమో గురువారమో కదలిక వచ్చేది. "ఈ బుధవారం చూడండి" అనేది మా కౌంటర్లో రోజూ వినపడే మాట. అందరికీ ఒకేసారి అవసరమొస్తే వడ్డీ పెరుగుతుంది. 2020 ఏప్రిల్ 7 వేలంలో కేరళ 15 ఏళ్ల అప్పు 8.96 శాతానికి తెచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత రిజర్వ్ బ్యాంకు రెపోను 4 శాతానికి దించాక వడ్డీలు తగ్గాయి.

అప్పు మొత్తానికీ హద్దు ఉంది. మామూలుగా రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం. ఆ ఏడాదికి కేంద్రం 5 శాతం దాకా ఒప్పుకుంది, కానీ పెంచిన 2 శాతంలో బేషరతుగా ఇచ్చింది అర శాతమే. మిగతాదానికి రేషన్ కార్డులు, కరెంటు పంపిణీ, మున్సిపాలిటీల ఆదాయం, వ్యాపార అనుమతుల్లో సంస్కరణలు చేసి చూపించాలి. మన దగ్గర ఆస్తి పన్నును స్థలం విలువకు ముడిపెట్టడం ఆ వరసలోదే. మీ ఇంటి పన్ను ఎందుకు పెరిగిందని మీరు ఎప్పుడైనా అనుకుంటే, జవాబులో కొంత భాగం ఇక్కడ ఉంది.

ఇంతవరకూ పేపర్లలో కూడా దొరుకుతుంది. మూడోది, బిల్లులు ఆపడం, అంతగా ఎవరూ రాయరు. నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నది దానికోసమే.

డబ్బు తక్కువైనప్పుడు చెల్లింపులు ఒక వరసలో వెళ్తాయి. అప్పుల అసలు, వడ్డీ ముందు. అవి తప్పితే రేపు అప్పు పుట్టదు. తర్వాత జీతాలు, పెన్షన్లు, ఒకటో తారీఖున ఇచ్చే వృద్ధాప్య, వితంతు పెన్షన్లు. ఆపైన తేదీ ప్రకటించిన పథకాలు. వీటన్నిటి వెనక మాట్లాడటానికి యూనియన్ ఉంది, ఓటు ఉంది, కోర్టు ఉంది. ఇవేవీ లేనివాళ్లు వరస చివర నిలబడతారు.

కరోనాకు చాలా ముందు, ఒక కటకట సమయంలో, పలానా రకం బిల్లులు తదుపరి ఆదేశాల వరకు చెల్లించవద్దని మాకు సూచన వచ్చింది. ట్రెజరీలో ఫ్రీజింగ్ అంటాం. ఏ ప్రభుత్వమన్నది ఇక్కడ ముఖ్యం కాదు, నా సర్వీసులో అన్ని ప్రభుత్వాల్లోనూ చూశాను. ఆపిన వాటిలో ఒక సంక్షేమ హాస్టల్ డైట్ బిల్లులు కూడా ఉన్నాయి. పిల్లలకు అన్నం ఆపలేరు కదా. వార్డెన్ బయట అరువు పెట్టి నడిపించాడు. కిరాణా షాపు ఆయన మూడో నెలలో చేతులెత్తేశాడు. కూరగాయలు వేసే ఆవిడ మాత్రం వేస్తూనే ఉంది. ఆవిడ నూటికి మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చి రైతుబజారులో సరుకు కొనేది.

ఒకరోజు వార్డెన్‌తో పాటు మా ఆఫీసుకు వచ్చింది. బిల్లు బీరువాలో కట్ట కట్టి ఉంది. ఏ తప్పూ లేదు, ఏ అభ్యంతరమూ లేదు. నేను అలవాటుగా "వచ్చే వారం చూడండమ్మా" అన్నాను. "లేవని చెప్పండి సారూ, వేరే దారి చూసుకుంటాను. రేపు మాపు అని మాత్రం అనకండి" అంది. నా దగ్గర ఆ ముక్క చెప్పే అధికారం కూడా లేదు. లేవని రాతపూర్వకంగా ఎవరూ చెప్పరు. ఆ డబ్బు పడేసరికి ఐదు నెలలు దాటింది. కట్టిన వడ్డీ ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు.

నాకు అప్పటినుంచి ఉన్న అభిప్రాయం ఇది. రాష్ట్రం బిల్లు ఆపిన ప్రతిసారీ ఆ మనిషి దగ్గర అప్పు తీసుకున్నట్టే. బాండ్లు కొన్న బ్యాంకుకు ఏడెనిమిది శాతం వడ్డీ ఇస్తాం. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పిల్లలకు కూర పెట్టినావిడకు ఏమీ ఇవ్వం. పైగా ఆ బాకీ రాష్ట్రం అప్పు ఎంత అని చెప్పే అంకెలో సాధారణంగా కనపడదు. ఆ అంకె మీద అసెంబ్లీలో గంటలు గంటలు మాట్లాడతారు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో పెట్టిన శ్వేతపత్రంలో 6,71,757 కోట్లని చూపిస్తే దాని మీద ఎంత వాదన జరిగిందో గుర్తుందా? అప్పు ఎంత అన్నదానితో పాటు ఏ బిల్లు ఎన్ని రోజులుగా ఆగి ఉందన్న జాబితా కూడా మూడు నెలలకోసారి బయట పెట్టాలి. లక్ష రూపాయల లోపు బిల్లులు, తిండికి సంబంధించిన బిల్లులు ఎంత కష్టంలోనైనా ఫ్రీజింగ్‌లో పెట్టకూడదు. రాష్ట్ర బడ్జెట్‌లో అవి ఎంతని? ఆపితే మిగిలేది తక్కువ, చితికిపోయే కుటుంబాలు మాత్రం ఎక్కువ.

అలాగని 2020లో జీతం సగం ఆపినందుకు నాకు కోపం లేదు. పైవాళ్లకు ఎక్కువ, అటెండర్‌కు తక్కువ ఆపారు. ఆ వరస నాకు న్యాయంగానే అనిపించింది. పెన్షనర్లను అందులో కలపకుండా ఉండాల్సింది. ఉద్యోగి చేబదులు తెచ్చుకోగలడు. ఎనభై ఏళ్ల మనిషికి ఎవరిస్తారు?

మీ నాన్నగారి విషయానికి వస్తే, కష్టకాలం వస్తే మొదట ఆగేవి డీఏ బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంట్ లాంటివి. నెల పెన్షన్ ఒకటో తారీఖు బదులు ఐదుకో పదికో పడొచ్చు. అందుకని రెండు నెలల మందుల డబ్బు విడిగా ఉంచుకోమనండి. రీయింబర్స్‌మెంట్ పెట్టినప్పుడు అన్ని కాగితాల జిరాక్సులూ, బిల్లు నంబరూ దగ్గర పెట్టుకోవాలి. ఇంకోటి, నా సర్వీసులో పూర్తిగా ఆగిన పెన్షన్లలో ఎక్కువ భాగం నిధుల్లేక ఆగినవి కావు, ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వక ఆగినవి. వేలిముద్ర పడటం లేదని ఒకసారి వెనక్కి వచ్చేసి, మళ్లీ వెళ్లని పెద్దవాళ్లు ఎంతమందో. ఈసారి గడువుకు ముందే మీరు వెంట ఉండి ఇప్పించండి. వేలిముద్ర పడకపోతే నేరుగా సబ్ ట్రెజరీకి తీసుకెళ్లి, మనిషిని చూపించి, నమోదైందో లేదో అక్కడే అడిగి తెలుసుకుని రండి.