రక్తదానం సీను తీసెయ్యి

తమ్ముడూ, సలాం.

నీ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు చదివాను. పక్కింటాయన నీ ముస్లిం కుర్రాణ్ణి మొదటి పేజీ నుంచే అనుమానంగా చూస్తాడు. ఎనిమిదో పేజీలో ఆయనకి యాక్సిడెంట్ అవుతుంది. ఆస్పత్రిలో రక్తం దొరకదు. నీ కుర్రాడి గ్రూపు సరిపోతుంది. ఆయన కళ్లు తెరిచి చేతులు జోడిస్తాడు, టైటిల్స్ పడతాయి. చదివినవాళ్లంతా బాగుందన్నారని రాశావు. అనే ఉంటారు. ఇలాంటి కథని బాగోలేదనాలంటే ఎవరికైనా మొహమాటం అడ్డొస్తుంది.

నాకు అడ్డురాదు. ఆ సీను తీసెయ్యి. రక్తం ఇస్తేగానీ మనల్ని మనుషులుగా ఒప్పుకోనివాడి కోసం నువ్వెందుకు సినిమా తీయాలి? చూడు, ఈ కథలో అనుమానించేది ఆయన, మారేది ఆయన, చివర్లో ఏడ్చేదీ ఆయనే. నీ కుర్రాడు చేసిందల్లా మంచివాడిగా ఉండటం. వాడికేం కావాలో, దేనికి భయపడతాడో, ఎవరి మీద విసుక్కుంటాడో పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు. పేరుకి హీరో. పనికి మాత్రం తన గురించి తానే సాక్ష్యం చెప్పుకోవడానికి వచ్చినవాడు.

ఇలా ఎందుకు రాస్తామో తెలియక కాదు. అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఒక లెక్క తీశారు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 2017 నుంచి 2019 దాకా బాగా ఆడిన 200 సినిమాలు చూస్తే, మాట్లాడే పాత్రల్లో ముస్లింలు 1.6 శాతం. 181 సినిమాల్లో ఒక్కరు కూడా లేరు. ఉన్నచోట ఎలా ఉంటున్నారో అడగడానికి ‘రిజ్ టెస్ట్’ వచ్చింది. నటుడు రిజ్ అహ్మద్ 2017లో బ్రిటన్ పార్లమెంటులో మాట్లాడిన మాటలు దానికి ప్రేరణ. అందులో ఐదు ప్రశ్నలు. ఈ ముస్లిం పాత్ర ఉగ్రవాదం చుట్టూనే తిరుగుతోందా? అకారణంగా కోపంతో ఊగిపోతోందా? మూఢనమ్మకాలతో, ఆధునికతకి ఎదురు నిలిచినట్టుందా? పాశ్చాత్య జీవితానికి ముప్పుగా కనబడుతోందా? మగవాడైతే ఆడవాళ్లని చులకన చేసేవాడా, ఆడదైతే మగవాళ్ల చేతిలో నలిగేదా? ఒక్కదానికి అవునన్నా సినిమా తప్పినట్టే.

ఎదుటివాళ్ల సినిమాలను కొలవడానికి అది మంచి కొలబద్ద. దాన్ని పక్కన పెట్టుకుని నువ్వు కథ రాయడానికి కూర్చుంటే మాత్రం ఐదు ‘కాదు’లు కలిపి కుట్టిన బొమ్మ ఒకటి తయారవుతుంది. కోపం రాదు, తప్పు చేయదు, ఎవరితోనూ గొడవపడదు. నీ కుర్రాడు అలా పుట్టినవాడే. విలన్‌గా చూపించినవాళ్లూ, నువ్వూ ‘ముస్లిం మంచివాడా, చెడ్డవాడా’ అన్న ఒకే ప్రశ్నకి జవాబు రాస్తున్నారు. ఆ ప్రశ్న నీది కాదు.

నీది ఐదో పేజీలో ఉంది. నాలుగు లైన్లు, అదీ ఏదో నవ్వు కోసం పెట్టినట్టు పెట్టావు. రంజాన్‌లో సహరీ వేళ, అంటే ఉపవాసం మొదలయ్యేముందు తెల్లవారుజామున తినే వేళ. దాదీ (నాయనమ్మ) ఫోన్‌లో అజాన్ (నమాజు పిలుపు) మోగింది, ఆవిడ తినడం ఆపేసింది. దాదా (తాత) ఫోన్ ఇంకా మోగలేదు, ఆయన తాపీగా నీళ్లు తాగుతున్నాడు. ఎవరి యాప్ నిజం? ఇది మా ఇంట్లో ఏటా జరిగే గొడవే అని కింద రాశావు కూడా. అబ్బాయ్, సినిమా అక్కడుంది!

ఆ యాప్‌లు ఎందుకు తేడాగా మోగుతాయో ఎప్పుడైనా చూశావా? సూర్యుడు దిగంతానికి ఎన్ని డిగ్రీల కింద ఉంటే ఫజర్ (తెల్లవారుజాము నమాజు వేళ, తినడం ఆపాల్సిందీ అప్పుడే) మొదలైనట్టు అన్నది ఒక్కో పద్ధతిలో ఒక్కోలా ఉంది. ముస్లిం వరల్డ్ లీగ్ లెక్కలో 18, ఉత్తర అమెరికాలోని ఇస్నా అనే ముస్లిం సంస్థ లెక్కలో 15, ఈజిప్టు లెక్కలో 19.5. డిగ్రీకి కనీసం నాలుగు నిమిషాలు. ఆవిడ ఫోన్‌లో 18, ఆయన ఫోన్‌లో 15 ఉందనుకో, మధ్యలో కనీసం పన్నెండు నిమిషాలు. షార్ట్ ఫిల్మ్‌కి అంతకంటే ఏం కావాలి? ఆవిడ ఫోన్ మోగినప్పుడు మొదలుపెట్టి ఆయన ఫోన్ మోగినప్పుడు ఆపెయ్. కథ నడిచే కాలం, తెర మీది కాలం ఒకటే. ఆవిడ కాసేపు వాదించి, ఇక లాభం లేదని నమాజుకి నిలబడుతుంది. నమాజులో ఉన్న మనిషి జవాబివ్వదు. ఆయన చేతిలో గ్లాసు, ఎదురుగా వాదించడానికి మనిషి లేదు. తాగుతాడా? ఆవిడ రోజా (ఉపవాసం) సరైనదైతే తనది పోయినట్టే కదా. ఈ మొగుడూపెళ్లాల మధ్య ఎన్నేళ్ల బాకీలు బయటపడతాయో నీకే తెలియాలి. నువ్వు ఆ ఇంట్లో పెరిగావు, నేను కాదు.

ఇంత చిన్న విషయమా అంటావేమో. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరొస్తమీ తొలి సినిమా 1970 నాటిది, పది నిమిషాలుంటుంది. రొట్టె పట్టుకుని ఇంటికి వెళ్తున్న పిల్లాడికి సందులో కుక్క అడ్డం వస్తుంది. అంతే కథ. ఆ పిల్లాడు ఫలానా మతంవాడని ఎవరూ చెప్పరు. వాడు ఇల్లు చేరతాడా లేదా అన్నదే మనకి ఆత్రం.

భయం గురించి తీయొద్దనడం లేదు నేను. రిజ్ అహ్మదే నటించి, దర్శకుడు అనీల్ కరియాతో కలిసి రాసిన ‘ద లాంగ్ గుడ్‌బై’ పన్నెండు నిమిషాల సినిమా, 2022లో ఆస్కార్ తెచ్చుకుంది. అందులో వచ్చే దాడి చూస్తే వణుకు పుడుతుంది. కానీ అంతకుముందు ఇల్లంతా పెళ్లి హడావిడి, ఒకరి మాట మీద ఒకరి మాట. ఆ సందడి లేకపోతే దాడి వార్తల్లో చూసే ఇంకో దాడి అయ్యేది.

ఇక నువ్వు జాగ్రత్త పడాల్సినవి. అజాన్‌ని నేపథ్య సంగీతంలా వాడకు. తెర మీద అజాన్ వినిపించగానే ఏదో ఘోరం జరగబోతోందని ప్రేక్షకులకి ఇప్పటికే బాగా అలవాటు చేశారు. నీ సినిమాలో అది ఫోన్‌లోంచి, కాస్త చిరాకు పుట్టించే స్పీకర్‌లోంచి వస్తుంది, అదే మంచిది. మూడో పేజీలో నీ కుర్రాడు జొహర్ (మధ్యాహ్నం) నమాజులో పైకి వినబడేలా చదువుతాడు. జొహర్‌లో పైకి వినబడకుండా చదువుతారని నీకు తెలియదా? తెలుసు. తెలిసీ రాశావంటే, ప్రేక్షకుడికి ‘ముస్లిం అని తెలియాలి’ కాబట్టి. ఇలాంటివి బయటివాళ్ల సినిమాల్లో చూసి నవ్వుకుంటాం, తర్వాత మనమే చేస్తాం.

అన్నిటికంటే చిక్కైనది హిజాబ్. బయటివాళ్లు తీసిన సినిమాల్లో ఆడవాళ్లు సొంత ఇంట్లో, భర్తా పిల్లల ముందు కూడా తల కప్పుకునే ఉంటారు. ఇంట్లో అలా ఉండరని మనకి తెలుసు. కానీ నీ నటి నిజజీవితంలో హిజాబ్ వేసుకునే అమ్మాయైతే? ఆమె పాత్ర ఇంట్లోనే ఉన్నా, కెమెరా పరాయిదే. జుట్టు చూపించమని ఆమెని అడగలేవు, కప్పుకుని చూపిస్తే అబద్ధం. దీనికి ఎడిటింగ్‌లో పరిష్కారం దొరకదు, రాసేటప్పుడే చూసుకోవాలి. గుమ్మం దగ్గర, మేడ మీద, చుట్టాలు వచ్చినప్పుడు, బయల్దేరబోతూ ఉన్నప్పుడు సీను పెట్టు. సహరీ సీనులో నీకు ఈ బాధ లేదు, నమాజుకి సిద్ధమవుతున్న దాదీ తల మీద చున్నీ ఉండటమే సహజం. ఇంట్లోవాళ్లు ముఖం చూపించడానికి ఒప్పుకోకపోతే చేతులు, గొంతు, వీపు తియ్యి. అడ్డంకులున్నాయని ఆగకు. సౌదీ దర్శకురాలు హైఫా అల్ మన్సూర్ 2012లో వచ్చిన తన మొదటి కథాచిత్రంలో కొన్ని వీధి సీన్లని వ్యాన్‌లో కూర్చుని వాకీటాకీతో తీసింది.

ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తున్నావని మనవాళ్లే అంటారు. అననీ. అయితే అవతలి వైపు కూడా ఒక గొయ్యి ఉంది. కఠినమైన తండ్రి, చివర్లో హిజాబ్ తీసి గాలికి వదిలే కూతురు అంటే లోపలికి రానిచ్చే ఫెస్టివల్స్ ఉన్నాయి. నీ కథలో తండ్రి నిజంగా కఠినుడైతే రాయి, ఏ అర్ధరాత్రి ఏ భయంతో అలా అయ్యాడో కూడా రాయి. జ్యూరీకి నచ్చుతుందని మాత్రం ఎవరి తండ్రినీ అమ్మకు.

కెమెరాకి డబ్బు తగ్గించి సౌండ్‌కి పెట్టు. బొమ్మ కాస్త మసకైనా చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. పైగా నీ సినిమాలో సగం కథ రెండు ఫోన్ల మోత.

ఇంకొకటి. దాదా దాదీలకి ఈ సంగతి చెప్పావా? సినిమా అన్న మాట ఎత్తకముందు వాళ్లు మాట్లాడుకున్నది నీ కథ కాదు, వాళ్లది. ముందు దాదీని అడుగు, తర్వాత విడిగా దాదాని అడుగు. ఇద్దరినీ కలిపి అడిగితే ఒకరి కోసం ఇంకొకరు సరేనంటారు. ఏ ఒక్కరు వద్దన్నా పేర్లు మార్చి సినిమా తీద్దామనుకోకు, బంధువులు మొదటి నిమిషంలోనే గుర్తుపడతారు. అప్పుడు నువ్వే వేరే గొడవ వెతుక్కోవాలి. ఇద్దరూ ఒప్పుకుంటే వాళ్ల వాదన ఫోన్‌లో రికార్డు చేసుకుని డైలాగులు దాన్నుంచే రాయి. ఆ డ్రాఫ్టు పంపు, చూస్తాను.

నీ అన్న