పాదాలు సరిగ్గా లేకపోతే నడుము నొప్పి వస్తుందా?

రావచ్చు, కానీ అందరికీ రాదు. ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయి, అవన్నీ కలిసి వంపులా నిలబడి మన బరువు మోస్తాయి. ఆ వంపు బాగా అణిగిపోతే పాదం లోపలికి ఒరుగుతుంది, దాంతోపాటు మోకాలూ కాస్త లోపలికి తిరుగుతుంది, ఆ తేడా తుంటి మీదుగా నడుము దాకా పాకే అవకాశం ఉంది. తడికాలితో గచ్చు మీద అడుగేసి చూడండి, అరికాలు మొత్తం అచ్చు పడితే వంపు తక్కువన్నమాట. నొప్పి లేకపోతే మాత్రం టెన్షన్ అక్కర్లేదు.

పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుకే మడమలో సూది గుచ్చినట్టుంటే, అది ఎక్కువగా అరికాలి కింద పట్టీలా ఉండే ప్లాంటార్ ఫేషియా సమస్య. గోడకు చేతులు ఆనించి పిక్కను 30 సెకన్లు సాగదీయడం, గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డ చుట్టి అరికాలి కింద దొర్లించడం రోజూ చేస్తే చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. మడమ దగ్గర అరిగిపోయిన చెప్పులు ముందు పారేయండి.

కాళ్లు పిసికించుకుంటే హాయిగా ఉంటుంది, నిజమే, కానీ అరికాల్లో ఫలానా చోట నొక్కితే కిడ్నీ బాగవుతుందనే మాటకు గట్టి ఆధారం లేదు.

షుగర్ ఉన్నవాళ్లు దయచేసి వేడినీళ్లలో కాళ్లు పెట్టకండి, స్పర్శ తగ్గితే చర్మం కాలినా తెలియదు. రోజూ రాత్రి వేళ్ల సందులు చూసుకోండి, చిన్న పుండు కనిపించినా వెంటనే డాక్టర్‌కి చూపించండి.