బల్ల మీది పుస్తకం

అమ్మలూ,

మెకానిక్స్ మళ్లీ మొదటినుంచి, నీ అంతట నువ్వే చదువుకుంటానన్నావని మీ అమ్మ చెప్పింది. కడుపు నిండిపోయింది. వెంటనే ఒక బెంగా పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

యూనిట్లు ముందే మార్చుకో: గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. ఏ దిక్కు ప్లస్సో మొదట్లోనే రాసుకో, మధ్యలో మార్చకు. ఇవి నీకు తెలిసినవే.

నా బెంగంతా న్యూటన్ మూడో నియమం గురించి, అదే, ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుందనేది. బల్ల మీద పుస్తకం ఉంది. దాని భారం కిందికి, బల్ల ఇచ్చే అభిలంబ బలం (తలానికి లంబంగా నెట్టే బలం) పైకి. రెండూ సమానం, దిశలు వ్యతిరేకం. ఇంకేం, ఇవే చర్య, ప్రతిచర్య అని రాసేస్తారు. మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లు కూడా చేసే పాత తప్పు ఇది. ఆ రెండు బలాలూ ఒక్క పుస్తకం మీదే పనిచేస్తున్నాయి కదే! చర్య, ప్రతిచర్యలు ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి. భూమి పుస్తకాన్ని లాగుతోంది. దీని జోడీ, పుస్తకం భూమిని లాగడం. బల్ల పుస్తకాన్ని పైకి నెడుతోంది. దీని జోడీ, పుస్తకం బల్లను కిందికి నెట్టడం. వాక్యంలో కర్తనూ కర్మనూ తారుమారు చెయ్యి, జోడీ దొరుకుతుంది.

మరి భారం, అభిలంబ బలం సమానమెందుకయ్యాయి? పుస్తకానికి త్వరణం లేదు కాబట్టి. అది రెండో నియమం (మొత్తం బలం = ద్రవ్యరాశి × త్వరణం) చెప్పే మాట. లిఫ్టు ఎక్కిస్తే తేడా తేలిపోతుంది. 60 కిలోల మనిషి భారం 60 × 9.8 (గురుత్వ త్వరణం, జీ), అంటే 588 న్యూటన్లు. లిఫ్టు 2 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ త్వరణంతో పైకి లేస్తే, నేల అతన్ని 60 × (9.8 + 2), అంటే 708 న్యూటన్లతో నెడుతుంది. సమానత్వం పోయింది. జోడీలు మాత్రం చెక్కుచెదరలేదు: అతను నేలను 708తోనే నొక్కుతున్నాడు, భూమిని 588తోనే లాగుతున్నాడు. ఈ తేడా పట్టుకోనివాళ్లే ఏటవాలు తలం మీద కూడా అభిలంబ బలం ఎంజీ (ద్రవ్యరాశి × జీ, అంటే పూర్తి భారం) అని రాస్తారు. అక్కడ అది ఎంజీ కాస్ థీటా, థీటా అంటే తలం వాలు కోణం.

ఘర్షణలోనూ ఇలాంటి తొందరే. చదునైన నేల మీద 5 కిలోల పెట్టె, స్థైతిక ఘర్షణ గుణకం (కదలకముందు గరిష్ఠ ఘర్షణ, అభిలంబ బలంలో ఎన్నో వంతో చెప్పే సంఖ్య) 0.4 అనుకో. 0.4 × 5 × 9.8, అంటే 19.6 న్యూటన్లు ఘర్షణకు గరిష్ఠ హద్దు మాత్రమే. నువ్వు 10తో నెడితే ఘర్షణా 10 మాత్రమే. 19.6 వేశావంటే ముందుకు నెట్టిన పెట్టె వెనక్కి జరగాలి!

ఫార్ములాల కాగితం ఎదురుగా పెట్టుకుని మొదలుపెట్టావని తెలిస్తే ఊరుకోను. ముందు వస్తువును ఒంటరిగా గీయి. ప్రతి బాణం పక్కన ఎవరు, ఎవరి మీద అని రాయి. ఎవరో చెప్పలేకపోతే ఆ బాణం కొట్టెయ్యి. పైకి విసిరిన బంతికి ‘చేతి బలం’ అని బాణం గీస్తారు. చెయ్యి వదిలాక అది ఉండదు. గాలిని వదిలేస్తే మిగిలేది భూమి లాగడం ఒక్కటే. శిఖరం దగ్గర వేగం సున్నా అయినా త్వరణం 9.8 అలాగే ఉంటుంది.

రాత్రి కళ్లు మూతలు పడుతుంటే లెక్కలు పెట్టుకోకు తల్లీ. మొదటి పది లెక్కలకు బొమ్మలు గీసి ఫొటోలు పంపు. జవాబులు అక్కర్లేదు, బాణాలు చూస్తాను.

మీ పెద్దమ్మ