పొడవు మారే కీలకు ట్రై ఎప్పుడూ బీ ప్లస్ ట్రీ కన్నా వేగమైనదేనా?

కాదు, పేర్లు, యూఆర్ఎల్‌ల వంటి పొడవు మారే కీలను (వెతకడానికి వాడే విలువలను) డిస్క్ మీద వరుసక్రమంలో ఉంచవలసి వచ్చినప్పుడు సాధారణంగా బీ ప్లస్ ట్రీయే మేలు. ట్రై అంటే కీని ముక్కముక్కగా అనుసరిస్తూ కిందికి దిగే చెట్టు; బీ ప్లస్ ట్రీ అంటే కీలను వరుసలో పేజీలుగా అమర్చి, పై పేజీలలోని హద్దుల సాయంతో అడుగున ఉన్న ఆకు పేజీకి చేర్చే చెట్టు.

డిస్క్ నుంచి చదివేది ఒక్కొక్క బైటును కాదు, తరచుగా 4 లేదా 8 కేబీల పేజీ అనే భాగాన్ని. ఒక పేజీలో ఎన్ని ఎక్కువ కీలు పడితే చెట్టు అంత పొట్టిగా ఉంటుంది, పొడవైన కీలేమో ఆ సంఖ్యను తగ్గించేస్తాయి. అందుకే చాలా అమలులలో పై అంచె పేజీలలో పూర్తి కీని కాక, రెండు పక్క పేజీలను వేరు చేయడానికి చాలినంత ముక్కనే ఉంచుతారు.

ఉదాహరణకు, బైట్ల క్రమంలో ఎడమ పేజీ ‘రామచంద్ర’తో ముగిసి కుడి పేజీ ‘రామారావు’తో మొదలైతే, హద్దుగా ‘రామా’ చాలు. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ విడివిడిగా 3 బైట్లు పడతాయి కాబట్టి, 24 బైట్ల చోట 12 సరిపోతాయి. ఆకు పేజీలో మాత్రం పూర్తి కీని తిరిగి రాబట్టగలగాలి.

ట్రైలో వెతుకులాట కీల సంఖ్యపై ఆధారపడదన్నది నిజమే, కానీ అందువల్ల అది ఎప్పుడూ వేగమైనదనుకోవడం పొరపాటు: బైటుకొక నోడ్ (చెట్టులోని కణుపు) ఉంటే ప్రతి అడుగులోనూ పాయింటర్ (తర్వాతి నోడ్ చిరునామా) వెంట మెమరీలో మరోచోటికి వెళ్లవలసి వస్తుంది. కొమ్మలు లేని నోడ్ల వరుసను కలిపేసి, నోడ్ పరిమాణాన్ని అవసరాన్ని బట్టి మార్చే అడాప్టివ్ రాడిక్స్ ట్రీ ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దుతుంది. డేటా అంతా ర్యామ్‌లో పట్టినప్పుడు నేను దానినే సూచిస్తాను.