ముందు అమ్మ దగ్గరికి వెళ్ళండి

"అక్కా, మాది గుణుపురం. పెళ్ళయ్యాక రాయగడలో ఉంటున్నాం. నాకు నలభై ఆరేళ్ళు. నాన్నగారు టీచరుగా చేసి రిటైరయ్యారు, మూడేళ్ళ కిందట ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. వీలునామా రాయలేదు. ఊళ్ళో ఇల్లు, వెనక కాస్త ఖాళీ స్థలం ఉన్నాయి. అందులో అమ్మ, అన్నయ్య కుటుంబం ఉంటారు. ఇల్లు తన పేరు మీదికి మార్చుకోవాలి, సంతకం పెట్టు అని అన్నయ్య వెంటపడుతున్నాడు. అమ్మ చేత అప్పుడే పెట్టించుకున్నాడు. అమ్మది పార్వతీపురం, ఒడియా చదవడం రాదు. 'పెళ్ళప్పుడు బంగారం పెట్టాం, డబ్బిచ్చాం, ఇంకా వాటా ఏమిటి' అంటున్నాడు. అన్నయ్య సంఘ పెద్ద. మొన్న మందిరం శ్లాబుకు లక్ష రూపాయల కానుక ఇచ్చాడు. పాస్టరుగారేమో మొదటి కొరింథీ ఆరో అధ్యాయం తీసి, విశ్వాసి సహోదరుడి మీద కోర్టుకెక్కకూడదు, అన్యాయాన్ని సహించాలి అన్నారు. నేను బైబిల్లో తండ్రి ఆస్తిలో వాటా అడిగి తెచ్చుకున్న సెలోపెహాదు కూతుళ్ళ గురించి అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు. పెద్దమ్మాయి ఇంజనీరింగ్ చదువుకు మాకూ డబ్బు అవసరమే. అమ్మ కూడా అన్నయ్య వైపే చేరి సంతకం పెట్టేసిందని నా బాధ. రెండు క్రిస్మస్‌లుగా ఆ గడప తొక్కలేదు. అమ్మకు శుక్లాలు ముదిరాయట, ఆపరేషన్ వచ్చే ఏడాది చూద్దాం అంటున్నారట. ఆ మధ్య ఫోన్ చేసి 'పిల్లలకు తెలుగు రాదు, బైబిలు చదివిపెట్టేవాళ్ళు లేరే' అంది. నేను కోర్టుకు వెళ్తే వాక్యానికి విరోధంగా నడిచినట్టేనా?"
— ఒక సహోదరి, రాయగడ

అమ్మా, మీరడిగిన దానికి ముందే జవాబు చెప్పేస్తాను, దాని దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. కాదు. న్యాయం కోసం కోర్టు మెట్లెక్కడం దానంతట అది పాపం కాదు. కొరింథీయులకు ఆ మాటలు రాసిన పౌలే, తన మీద మోపిన నేరాలకు రోమా అధిపతి ఫేస్తు ముందు నిలబడి, నా సంగతి చక్రవర్తి కైసరు దగ్గరే తేల్చుకుంటాను అన్నాడు. అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయంలో ఉంది, చూడండి.

కొరింథీ పత్రికలోనూ పాస్టరుగారు ఏడో వచనం చదివి ఆగిపోయినట్టున్నారు. దాని ముందు ఐదో వచనంలో, సహోదరుల మధ్య తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని పౌలు సంఘాన్ని నిలదీస్తాడు. అంటే తీర్పు చెప్పే బాధ్యత సంఘం మీద పెట్టాడు. 'ఓర్చుకో అమ్మా' అని ఒక పక్షానికి చెప్పి పంపేస్తే అది తీర్పు కాదు. ఇక ఎనిమిదో వచనం: మీరే అన్యాయం చేస్తున్నారు, మీరే అపహరిస్తున్నారు, అదీ సొంత సహోదరులకే. ఆ మాట మీ అన్నయ్యకు వినిపించాల్సింది. ఒకే పేరాలో ఒక వచనం చెల్లెలికి చదివి, పక్క వచనం అన్నకు చదవకపోతే ఎలా?

అయితే సెలోపెహాదు కూతుళ్ళు మీ పక్షాన సరిగ్గా నిలబడరు. వాళ్ళ నాన్నకు కొడుకులు లేరు. సంఖ్యాకాండం 27లో వాళ్ళు అడిగింది కూడా అదే: కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు వంశంలో మాసిపోవాలా అని. వాళ్ళ దగ్గర మీరు నేర్చుకోవాల్సింది వేరే ఉంది. మోషే, యాజకుడు, పెద్దలు, సర్వసమాజం చూస్తుండగా గుడారం ద్వారం దగ్గర నిలబడి అడిగారు. వదిన చేత కబురు పంపలేదు. మీ సంగతికి దగ్గరగా ఉన్నది యోబు గ్రంథం చివరి అధ్యాయం. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అనే ముగ్గురు కూతుళ్ళకు యోబు వాళ్ళ అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యం, అంటే ఆస్తిలో వాటా, ఇచ్చాడు. కష్టాలన్నీ పడి తేరుకున్న తండ్రి చేసిన పని అది. కూతురికి వాటా ఇస్తే లోకాచారంలో కలిసిపోయినట్టు మాట్లాడే పెద్దలకు ఆ వచనం చూపించండి.

వచనాల సంగతి ఇక ఇక్కడితో వదిలేస్తాను. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది చివర్లో మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన విషయం. మీ అమ్మకు బైబిలు చదివిపెట్టేవాళ్ళు లేరు.

మన ప్రాంతంలో ఎన్ని ఇళ్ళల్లో ఇదే పరిస్థితో మీకూ తెలుసు. 1936లో ఒడిశా ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన ఊళ్ళు అటు చేరినప్పటి నుంచి ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు ఒడియా. మనవళ్ళు నానమ్మతో తెలుగులో గలగలా మాట్లాడతారు, పుస్తకం చేతికిస్తే అక్షరం గుర్తుపట్టలేరు. పార్వతీపురం నుంచి కోడలిగా వచ్చిన మనిషి, ఒక వయసంతా ఆ పుస్తకం పట్టుకుని బతికిన మనిషి, ఇప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. కళ్ళు కనబడవు. పక్కన ఉన్నవాళ్ళకు చదవడం రాదు. చదవడం వచ్చిన కూతురు అలిగి రెండు క్రిస్మస్‌లుగా రాయగడలో కూర్చుంది. గుణుపురానికి బస్సెక్కితే పూట ప్రయాణం కాదు కదమ్మా!

ఆమె అన్నయ్య వైపు చేరిందని రాశారు. నేనలా అనుకోవడం లేదు. భర్త పోయి, కళ్ళు మసకబారి, కొడుకు ఇంట్లో కోడలు పెట్టింది తింటున్న ముసలామె ముందు ఒడియాలో రాసిన కాగితం పెట్టి ఇక్కడ సంతకం పెట్టమ్మా అంటే, ఆమె ఏమనాలి? ఇందులో ఏముందిరా అని అడిగే ధైర్యం ఆమెకు ఎక్కడిది? ఆ కాగితం చదివి చెప్పగలిగిన మనిషి మీరు, మీరు అక్కడ లేరు. ఆమె మిమ్మల్ని కాదనుకుని సంతకం పెట్టలేదు. దిక్కులేక పెట్టింది. ఆమె మీద మీకున్న కోపం ముందు దించుకోవాలి. అన్న మీద కోపం తర్వాత చూద్దాం, అందులో కొంత న్యాయం ఉంది.

మార్కు 7వ అధ్యాయంలో యేసు కొర్బాను గురించి మాట్లాడతాడు. నా వల్ల మీకు అందవలసింది దేవుడికి ఇచ్చేశాను అని తల్లిదండ్రులకు చెప్పేస్తే చాలు, ఇక వాళ్ళకు ఏమీ చేయనక్కర్లేదని పెద్దలు ఒక ఆచారం పెట్టుకున్నారు. దాంతో దేవుడి వాక్యాన్నే కొట్టేస్తున్నారు అంటాడు ప్రభువు. శ్లాబుకు లక్ష ఇచ్చి తల్లి కంటి ఆపరేషన్ వచ్చే ఏడాదికి తోసేసిన మీ అన్నయ్యకు ఈ మాట తగులుతుంది, తగలాలి కూడా. సొంత ఇంటివాళ్ళను చక్కబెట్టుకోలేనివాడు సంఘాన్ని ఎలా చూస్తాడని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది. సంఘ పెద్దగా కూర్చున్న మనిషికి అది తెలియకుండా ఉండదు.

కానీ మీకూ తగులుతుందమ్మా. అన్నయ్య నాకు అన్యాయం చేశాడు కాబట్టి అమ్మ దగ్గరికి రాను అనడం కూడా అలాంటి సాకే. సిలువ మీద ఉన్న యేసుకు ఆస్తి లేదు, ఒంటి మీద బట్టలు కూడా సైనికులు పంచుకున్నారు. ఆ స్థితిలోనూ తల్లిని శిష్యుడికి అప్పగించాడు. తమ్ముళ్ళున్నారు, వాళ్ళే చూసుకుంటారు అని ఊరుకోలేదు. పౌలు తిమోతికి రాసిన ఆ పత్రిక ఐదో అధ్యాయం పదహారో వచనం చూడండి. విశ్వాసురాలైన స్త్రీ తన ఇంటి విధవరాళ్ళను సంఘం మీద భారం పడకుండా తానే ఆదుకోవాలని ఆడవాళ్ళకే చెప్పాడు అక్కడ. తల్లిని చూడటం కొడుకు పని, కూతురు చుట్టపుచూపుగా వచ్చి పోవాలనేది మన ఊళ్ళ అలవాటే తప్ప వాక్యం కాదు. దేశ చట్టం కూడా అలా అనదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో పిల్లలంటే కూతురు కూడా ఉంది. వాటాలో సమానం కావాలని అడిగే మనం బాధ్యతలో సమానం కాదంటే మన మాటకు విలువ ఉండదు.

ఇక ఆస్తి. మీ ముగ్గురిలో ఎవరూ గమనించని విషయం ఒకటుంది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన మనిషి ఆస్తిలో మూడో వంతు భార్యది. మిగిలిన రెండు వంతులు పిల్లలకు, ఆడా మగా తేడా లేకుండా సమానంగా. మీరిద్దరే పిల్లలైతే అమ్మకొకటి, అన్నయ్యకొకటి, మీకొకటి. మీకు పెళ్ళిలో పెట్టిన బంగారం ఈ లెక్కలోకి రాదు. తండ్రి బతికుండగా బిడ్డకు ఇచ్చినది వాటాలో తగ్గించకూడదని అదే చట్టం చెబుతోంది. కేరళలో మేరీ రాయ్ గారు పోరాడితే 1986లో సుప్రీంకోర్టు అక్కడి క్రైస్తవ ఆడపిల్లలకూ ఈ చట్టమే వర్తిస్తుందని తేల్చింది. మీరు షెడ్యూల్డ్ తెగకు చెందిన కుటుంబమైతే మాత్రం నియమాలు వేరుగా ఉండొచ్చు, లాయరును అడిగి తెలుసుకోండి.

మీ అమ్మ వాటా కూడా మీ వాటా అంతే ఉంది, చూశారా? ఆమె కొడుకు దయ మీద కూర్చున్న మనిషి కాదు, తన ఇంట్లో తాను ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీ అన్నయ్య చెప్పడు. మీకు తట్టలేదు. మీరు మీ వాటా గురించే రాశారు. అది ఆశపోతుతనం అని నేననను, పిల్ల చదువుకు డబ్బు కావాలంటే కావాలి, అందులో సిగ్గుపడేదేం లేదు. కానీ తండ్రి ఆస్తి పంచమని సహోదరుడి మీద ఫిర్యాదు తెచ్చిన మనిషికి లూకా 12లో యేసు చెప్పిన జాగ్రత్త ఇద్దరికీ వర్తిస్తుంది. ఇద్దరూ ఇంటి గురించి ఆలోచిస్తుంటే ఇంట్లో ఉన్న మనిషి కనబడకుండా పోయింది.

అందుకని ఈ వారమే గుణుపురం వెళ్ళండి. కాగితాల సంచీ పట్టుకుని కాదు, ఊరికే వెళ్ళండి. వదిన ఏమన్నా అననివ్వండి. అమ్మ పక్కన కూర్చుని ఆమె అడిగిన అధ్యాయం చదవండి, ఎంతసేపు వింటానంటే అంతసేపు. తర్వాత కంటి సంగతి చూడండి. శుక్లాల ఆపరేషన్ జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు. డబ్బు అడ్డం కాదు, తీసుకెళ్ళే మనిషి కావాలి. మరీ ముదరనిస్తే ఆపరేషన్ కష్టమవుతుంది, కంట్లో ప్రెషర్ పెరిగే ప్రమాదమూ ఉంది. రాయగడ తీసుకొచ్చి చేయించండి, చుక్కలు వేసినన్నాళ్ళు మీ ఇంట్లోనే ఉంచుకోండి. కూతురింట్లో తల్లి అన్నాళ్ళు ఉంటే బాగుండదని ఎవరైనా అంటే, మీ వారైనా సరే, పట్టించుకోవద్దు.

ఆమె మీ ఇంట్లో ఉన్నప్పుడు, తొందరపెట్టకుండా, ఒక్క ప్రశ్న అడగండి. సంతకం ఇంట్లోనే పెట్టించుకున్నారా, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్ళి ఫోటో తీసి వేలిముద్రలు వేయించారా? ఇంట్లో పెట్టించుకున్న కాగితమైతే, రిజిస్టరు కాకుండా సాధారణంగా ఆమె హక్కు పోదు. రిజిస్టరు అయినా, అందులో ఏముందో చెప్పకుండా పెట్టించుకున్న సంతకాన్ని సవాలు చేయడానికి దారి ఉంది, ఆలస్యం మాత్రం చేయకూడదు. రాయగడలో జిల్లా న్యాయ సేవల సంస్థ ఉంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఇద్దరినీ పిలిచి మధ్యవర్తిత్వం కూడా చేస్తారు. కేసు వేయకముందే వెళ్ళవచ్చు. పౌలు అడిగిన బుద్ధిమంతుడు సంఘంలో దొరికితే సంతోషం, దొరకకపోతే అక్కడ వెతకడం తప్పు కాదు. కానీ దానికి ముందు మత్తయి 18 ప్రకారం ఒకసారి మీరే, ఒంటరిగా, అన్నయ్య ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఇన్నాళ్ళూ ఆ పని చేసినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

అప్పటిదాకా మీరు ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. అన్నయ్య మళ్ళీ అడిగితే ఫోన్లోనే సూటిగా చెప్పండి: "అమ్మ కన్ను బాగయ్యాక, తెలుగులో రాయించి తీసుకురా అన్నయ్యా. ముందు అమ్మ చదువుకుంటుంది, తర్వాత ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం."