చీలమండ ఆపరేషన్‌కు చీటీ పాడాలా?

ప్రశ్న: నా వయసు 31. రాజమహేంద్రవరంలో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా చేస్తున్నాను. జీతం 32 వేలు, ఇన్సెంటివ్ నెలకు సుమారు 12 వేలు. రెండేళ్ల కిందట వాలీబాల్ ఆడుతుంటే ఎడమ చీలమండ బెణికింది. అప్పటి నుంచి మెట్లు దిగుతున్నా, గతుకుల్లో నడుస్తున్నా కాలు మడతపడిపోతోంది. లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) సర్జరీ చేయాలన్నారు. లక్షా 80 వేలకు ఎస్టిమేట్ ఇచ్చారు. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ 3 లక్షలు ఉంది కానీ, రెండు నెలల్లో ఉద్యోగం మారదామనుకుంటున్నాను. లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. నెలకు 10 వేల చొప్పున 20 నెలల చీటీలో 8 నెలలు కట్టాను, ఇప్పుడు పాడితే 35 వేలు పోతుంది. చీటీ పాడాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? కొత్త పాలసీ తీసుకుని, నెల తర్వాత బండి మీంచి పడ్డానని చెప్పమంటున్నాడు ఓ ఫ్రెండ్.

జవాబు: ఆ ఫ్రెండ్ మాట మాత్రం వినకండి. డాక్టర్ రాసే కేస్ షీట్‌లో మొదటి వాక్యమే ‘రెండేళ్లుగా ఎడమ చీలమండ తరచూ బెణుకుతోంది’ అని ఉంటుంది. క్లెయిమ్ చూసేవాళ్లు అడిగే మొదటి కాగితం అదే. డబ్బు రాకపోగా పాలసీ కూడా రద్దు కావచ్చు.

మీకున్న అసలు ఆస్తి కంపెనీ గ్రూప్ పాలసీ. వీటిలో చాలావరకు పాత సమస్యలకు కూడా మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. మీ పాలసీ మాట హెచ్ఆర్‌ను అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి. రాజీనామా చేస్తే ఆ కవర్ పోతుంది. కాబట్టి ఆపరేషన్ ఖాయమైతే ముందు అది, తర్వాతే ఉద్యోగం మార్పు.

ఖాయమా అన్నది మీ డాక్టర్ తేల్చాలి. ఫిజియోథెరపీ ఎన్నాళ్లు చేశారో మీరు రాయలేదు. మామూలుగా కొన్ని నెలలు కండరాల బలానికీ, బ్యాలెన్స్‌కూ వ్యాయామాలు చేయించి, అప్పటికీ కాలు నిలవకపోతేనే కత్తి పట్టుకుంటారు. ఇది రేపే చేయాల్సిన ఎమర్జెన్సీ కాదు. ఫిజియో ఇంకా మిగిలి ఉంటే ఉద్యోగం మార్పునే వాయిదా వేయండి, లేదా కొత్త కంపెనీ పాలసీలో పాత సమస్యలకు కవర్ ఉందని రాతలో తీసుకున్నాకే మారండి.

ఇక బిల్లు. 3 లక్షల కవర్ ఉందని ధీమాగా ఉండకండి. చాలా పాలసీల్లో గది అద్దె రోజుకు బీమా మొత్తంలో 1 శాతం దాటకూడదు. అంటే మీకు 3 వేలు. మీరు 5 వేల గది తీసుకున్నారనుకోండి, కోత ఆ 2 వేలతో ఆగదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ లాంటివాటికీ అదే నిష్పత్తిలో 60 శాతమే ఇస్తారు. ఆ పద్దులు లక్షా 20 వేలైతే 48 వేలు మీ జేబులోంచే పోతాయి. మూడు వేల గదిలో పడుకుంటే ఆ డబ్బు మిగులుతుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత ఉండదు.

ఎస్టిమేట్ తీసుకుని ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇందులో యాంకర్లు కలిపారా?’ ఎక్కువగా చేసే బ్రోస్ట్రామ్ పద్ధతిలో, సాగిపోయిన మీ లిగమెంట్‌నే బిగించి ఎముకకు కుడతారు. అందుకు చాలాచోట్ల చిన్న యాంకర్లు, అంటే ఎముకలో దింపే మేకుల్లాంటివి, వాడతారు, వాటి ధర విడిగా వేయడం కద్దు. చేతికర్రలు, నడకకు వాడే బూటు లాంటివాటికి సాధారణంగా బీమా రాదు. వాటికి, చిల్లర కోతలకు కలిపి ఓ 15 వేలు పక్కన పెట్టండి.

మీ ఉత్తరంలో కనిపించని ఖర్చు ఇంకొకటుంది. ఎడమ కాలు కదా, బైక్ గేర్లు దానితోనే వేయాలి. ఆపరేషన్ తర్వాత దాదాపు ఆరు వారాలు కట్టు లేదా బూటు తప్పదు. మళ్లీ ఆటలు ఆడాలంటే కొన్ని నెలలు ఆగాలి. బండి లేని రిప్రజెంటేటివ్‌కు డాక్టర్ విజిట్లు ఎక్కడివి, ఇన్సెంటివ్ ఎక్కడిది? మూడు నెలలు సున్నా అనుకోండి, 36 వేలు. ఫిజియోకు ఆటో ఛార్జీలు అదనం. సెలవులు ఎన్ని మిగిలాయో ఇప్పుడే చూసుకోండి, జీతం కూడా తెగితే లెక్క మారిపోతుంది.

అన్నీ కలిపినా, సెలవులు సరిపోయి క్లెయిమ్ సాఫీగా జరిగితే 60, 70 వేలకు మించకూడదు. దానికోసం చీటీ పాడి 35 వేలు వదులుకోవడమా? వద్దు. పర్సనల్ లోన్ అసలే వద్దు. ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టి, కావాల్సినంత వాడుకునే అప్పు) తీసుకోండి. వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటుకు ఒకటి, రెండు శాతం ఎక్కువ, అదీ వాడుకున్న మొత్తానికే. ఆ సౌకర్యం లేకపోతే ఎఫ్‌డీనే రద్దు చేయండి, పోయేది కాస్త వడ్డీ. చీటీ వాయిదా 10 వేలు మాత్రం ఆ మూడు నెలలూ ఆగకుండా చూసుకోండి.

ఆపరేషన్ తేదీ ఖరారు కాగానే క్యాష్‌లెస్ కోసం ప్రీ-ఆథరైజేషన్ (బీమా కంపెనీ ముందస్తు అనుమతి) పెట్టించండి, చేరే రోజు దాకా ఆగొద్దు.

సొంత పాలసీ కూడా ఇప్పుడే తీసుకోండి, కానీ ప్రపోజల్ ఫారంలో చీలమండ సంగతి రాసి. దానికి మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా దాని క్లెయిమ్ ఇవ్వరు, కొన్నిసార్లు ప్రీమియం పెంచొచ్చు. మిగతా జబ్బుల్లో చాలావాటికి అంత ఆగక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు.