1918, 2020: రెండు మహమ్మారుల నడక

ప్రశ్న: మా తాతమ్మ చెప్పిన 1918 నాటి విషజ్వరం, కరోనా ఒకే తీరున సాగాయా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అలల తీరు ఒకటే, బలైన వయసులు వేరు. 1918 జూన్‌లో బొంబాయిలో కనిపించిన ఇన్‌ఫ్లుయెంజా తొలి అల తేలికగానే పోయినా, సెప్టెంబరు నుంచి సాగిన రెండో అల దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. కరోనాలోనూ మనకు 2021 ఏప్రిల్, మే నెలల రెండో అలే ఘోరమైంది. అయితే కరోనా ఎక్కువగా వృద్ధులను కబళించగా, నాటి జ్వరం 20 నుంచి 40 ఏళ్లవారిని, అంటే పొలం దున్ని ఇల్లు నడిపేవారినే ఎక్కువగా తీసుకుపోయింది. అసలు విషాదం అదేనని నా అభిప్రాయం. ఆ ఏడు వానలు కూడా ముఖం చాటేశాయి. మనుషుల్లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను 1933లో గాని గుర్తించలేదు. కరోనా వైరస్ జన్యుక్రమం 2020 జనవరిలోనే వెల్లడై, ఏడాది తిరగకుండానే టీకా వచ్చింది. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో, మీ బొబ్బిలి విశాఖపట్నం జిల్లాలో ఉండేవి కనుక, నాటి మరణాల లెక్కలను ఆ జిల్లాల పేర్లతోనే వెతకండి.